ముహూర్తం నుంచి వెనక్కి

డిసెంబరు 13, సాయంత్రం. కాలేజీ బస్సులు కదలడానికి ఇంకా పది నిమిషాలుంది. ఫైనలియర్ కుర్రాడు ఒకడు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. "సర్, ఎల్లుండే లాస్ట్ డేట్. ఒక్క ఎల్‌ఓఆర్ కావాలి సర్. నేనే రాసుకొచ్చాను, మీరు అప్‌లోడ్ చేస్తే చాలు" అన్నాడు. కాగితం తీసుకుని చదివాను. ఏ కాలేజీలో ఏ పిల్లాడికైనా సరిపోయే పొగడ్తలు నాలుగు పేరాలు ఉన్నాయి. నా ల్యాబ్‌లో పాడైపోయిన బోర్డు ముందు మూడు వారాలపాటు సాయంత్రాలు కూర్చుని, చివరికి దాన్ని పనిచేయించిన కుర్రాడి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని నాకు తెలిసిన అతని గురించి నేనే రాసి పంపాను. అతను అప్లై చేసే యూనివర్సిటీకి మూడు సిఫారసు ఉత్తరాలు కావాలి. వాటిలో ఒకటి గడువులోపల వెళ్ళనే లేదు.

అతను తెలివి తక్కువవాడు కాదు, బద్ధకస్తుడూ కాదు. జీఆర్‌ఈకి నాలుగు నెలలు తెల్లవారుజామున లేచి చదివాడు. తన చేతిలో ఉన్న పని బాగానే చేశాడు. ఇతరుల చేతుల్లో ఉన్న పనికి ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం లెక్క వేసుకోలేదు. ఇన్నేళ్ళలో విదేశీ చదువులకు వెళ్ళేవాళ్ళు నా కళ్ళముందు చేసిన పొరపాట్లలో సగానికి పైగా ఇదే.

నిజానికి ఈ లెక్క మన ఇళ్ళలో అందరికీ వచ్చు. పెళ్ళి ముహూర్తం కుదరగానే అమ్మ ఏం చేస్తుంది? ఆ రోజు నుంచి వెనక్కి వస్తుంది. పెళ్ళికూతుర్ని చేసేది ఎప్పుడు, పందిరి రాట వేసేది ఎప్పుడు, శుభలేఖలు ఎప్పటికి అచ్చయి రావాలి, జాకెట్లు కుట్టేవాడికి బట్ట ఎప్పుడివ్వాలి. దర్జీ చెప్పిన తేదీకి ఇవ్వడని అమ్మకు తెలుసు. అందుకే ఆయనకు వారం ముందు తేదీ చెబుతుంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో పాఠంగా చెప్పేది ఆమె ఏ పుస్తకమూ చూడకుండా చేస్తుంది. అదే ఇంట్లో పిల్లాడు ఎమ్మెస్‌కు అప్లై చేసేటప్పుడు మాత్రం ఈ రోజు నుంచి ముందుకు లెక్కపెడతాడు. ముందు జీఆర్‌ఈ, అది అయ్యాక ఐఈఎల్‌టీఎస్, అదీ అయ్యాక చూద్దాం అంటాడు. ఆ "చూద్దాం" దగ్గరికి వచ్చేసరికి డిసెంబరు వస్తుంది.

అమెరికానే తీసుకుందాం, మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది అక్కడికే కనుక. ముహూర్తం అంటే ఆగస్టు చివర మొదలయ్యే ఫాల్ సెమిస్టర్. కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందుగా ఎఫ్-1 విద్యార్థిని అక్కడ దిగనివ్వరు కాబట్టి ప్రయాణం జూలై చివరో, ఆగస్టులోనో. దానికి వెనక మే, జూన్‌లలో వీసా ఇంటర్వ్యూ. దానికి వెనక యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం, సెవిస్ ఫీజు 350 డాలర్లు, డీఎస్-160 ఫారం. ఐ-20కి వెనక బ్యాంకు కాగితాలు. వాటికి వెనక ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అడ్మిట్ల కోసం ఎదురుచూపు. దానికి వెనక అసలు గడువులు. పేరున్న విభాగాల్లో చాలావాటికి డిసెంబరు మొదటి తేదీకీ జనవరి మధ్యకీ నడుమ పడతాయి. పీహెచ్‌డీకి, ఫండింగ్ ఆశించేవాళ్ళకు డిసెంబరే. ఉత్తరాలు రాయమని లెక్చరర్లను అడగాల్సింది అక్టోబరు మొదట్లో. ఎస్‌ఓపీ, అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, మొదటి చిత్తు ఆగస్టులో. జీఆర్‌ఈ ఏ వేసవి సెలవుల్లోనో. ఇప్పుడది గంటా 58 నిమిషాల పరీక్ష, 2023 సెప్టెంబరులో కుదించారు. ఒకసారి రాశాక మళ్ళీ రాయడానికి 21 రోజులు ఆగాలి. స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది కాబట్టి తొందరగా రాస్తే పోయేదేమీ లేదు. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ చెల్లేది రెండేళ్ళే. ఇలా వెనక్కి వెనక్కి నడిస్తే మీరు ఆగే చోటు త్రీ-టూ. బీటెక్ మూడో ఏడు రెండో సెమిస్టర్. ఫోర్-వన్ మధ్యలో మొదలుపెట్టినవాళ్ళు ఆలస్యమైనట్టు వాళ్ళకు తెలియకపోవడానికి కారణం, చుట్టూ ఉన్న స్నేహితులందరూ అప్పుడే మొదలుపెట్టడం.

ఇంకో మాట. గడువు డిసెంబరు 15 రాత్రి 11:59 అంటే అది వాళ్ళ రాత్రి. న్యూయార్క్ కాలమానంలో అయితే మనకు 16వ తేదీ ఉదయం 10:29, కాలిఫోర్నియాలో అయితే మధ్యాహ్నం 1:29. ఈ పది గంటలు కలిసొచ్చాయని సంతోషించి చివరి నిమిషం దాకా ఆగినవాళ్ళు సైటు తెరుచుకోక, కార్డు పేమెంటు ఫెయిలై ఏడ్చిన సందర్భాలు నాకు తెలుసు. ఆ పది గంటలు మీవి కావనుకోండి.

ఈ క్యాలెండరులో అన్నిటికంటే ముందు రావాల్సింది, అందరూ చివరికి నెట్టేసేది మీ పేరు. మన ఇంటిపేరు ముందొస్తుంది. పదో తరగతి మెమోలో అది పొడి అక్షరమై కూర్చుంటుంది, ఇంటర్ మెమోలో ఒక్కోసారి విడిపోతుంది, ఆధార్‌లో చివరికి వెళుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి పేరంతా గివెన్ నేమ్‌లో రాసేస్తే, అమెరికా వీసాలో ఆ మొత్తం సర్‌నేమ్‌గా పడుతుంది. పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని మూడక్షరాలు వస్తాయి. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని వాటి అర్థం. అమ్మానాన్నలు నక్షత్రం చూసి, తాతయ్య పేరు కలిపి ముచ్చటగా పెట్టుకున్న పేరు అక్కడ "తెలియదు" అయిపోతుంది. అది బ్యాంకు ఖాతా దాకా, డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంట వస్తుంది. సరిచేయించుకోవడానికి పాస్‌పోర్టు మళ్ళీ తీసుకోవాలి, ఒక్కోసారి పోలీసు వెరిఫికేషన్ కూడా మళ్ళీ జరగాలి. జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్ బుక్ చేసుకునే పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. అందుకే ఏ కోచింగ్‌లోనూ చేరకముందే ఒక ఆదివారం మీ మెమోలన్నీ బల్ల మీద పరిచి, పేర్లు అక్షరం అక్షరం పోల్చుకోండి. మీ జీవితాన్ని మీ బాధ్యతగా తీసుకోవడం ఆ బల్ల దగ్గరే మొదలవుతుంది.

ట్రాన్‌స్క్రిప్టుల సంగతీ అంతే. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో కౌంటరు వెనక కూర్చున్న ఉద్యోగికి మీ డెడ్‌లైన్ తెలియదు. ఆయన ముందు మీలాంటి వందమంది ఫైళ్ళున్నాయి. అడ్మిట్ వచ్చాక కన్సాలిడేటెడ్ మెమో కావాలి, ప్రొవిజనల్ సర్టిఫికెట్ కావాలి. ఎక్కడో ఒక సప్లీ ఫలితం ఇంకా మెమోలోకి ఎక్కి ఉండదు. ముందుగా వెళ్ళినవాడు నిలబడి మర్యాదగా అడగగలడు, రేపు రమ్మంటే రేపు వెళ్ళగలడు. ఆలస్యంగా వెళ్ళినవాడే అరుస్తాడు, బతిమాలుతాడు, ఎవరిచేతో ఫోను చేయిస్తాడు. ఒకే మనిషి, రెండు స్వభావాలు. మధ్యలో ఉన్న తేడా ఆరు వారాలు.

కాలం లేనితనం మనిషిని ఎంత దూరం తీసుకెళుతుందో ఎస్‌ఓపీల దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది. తన గురించి తను రెండు పేజీలు రాయడం చాలా కష్టం. నేనెందుకు ఈ సబ్జెక్టు చదవాలనుకుంటున్నాను అన్న ప్రశ్నకు మొదటి చిత్తులో అబద్ధమే వస్తుంది. చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ఇష్టం అని రాస్తారు. రెండో చిత్తులో సిగ్గుపడి కొట్టేస్తారు. నాలుగో చిత్తుకు వచ్చేసరికి నిజం కొంచెం తల ఎత్తుతుంది. తండ్రి రొయ్యల చెరువులో రాత్రంతా ఆక్సిజన్ ఎంతుందో చూసుకుంటూ మేలుకుంటే, ఆ పని చేసే సెన్సరు తయారుచేయాలని మినీ ప్రాజెక్టు మొదలుపెట్టిన భీమవరం వైపు పిల్ల ఒకామె ఉంది. ఆ సంగతి ఆమె అయిదో చిత్తులో గాని రాయలేదు. దాన్ని అసలు చెప్పుకోదగ్గ విషయమనే అనుకోలేదు పాపం. అయిదు చిత్తులకు రెండు నెలలు పడుతుంది. రెండు రోజులే ఉన్నవాడు ఏం చేస్తాడు? సీనియర్ ఎస్‌ఓపీ తెచ్చి పేరు మారుస్తాడు, లేదా డబ్బిచ్చి రాయించుకుంటాడు. పోయేది సీటు ఒక్కటే అయితే నేనింత బాధపడేవాణ్ణి కాదు. తనెవరో తను తెలుసుకునే అవకాశం ఒకటి చేతికందినట్టే అంది జారిపోతుంది.

యూనివర్సిటీని ఎంచుకోవడానికి కూడా కాలం కావాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు వందలమంది మన పిల్లలు రోడ్డున పడ్డారు. కొందరి కాళ్ళకు జాడ కనిపెట్టే పరికరాలు తగిలించారు. ఆ ఫొటోలు పత్రికల్లో చూసిన తల్లిదండ్రులకు అవి ఇప్పటికీ గుర్తే. ఏది నిజమైన చదువో, ఏది ఐ-20 అమ్మే దుకాణమో తేల్చుకోవడానికి అక్రెడిటేషన్ చూడాలి, ఫ్యాకల్టీ పేజీలు చదవాలి, అక్కడ చదివినవాళ్ళతో మాట్లాడాలి. ఏప్రిల్‌లో కంగారుగా "ఏదో ఒకటి" వెతికేవాడికి ఈ ఓపిక ఉండదు.

డబ్బు గురించి ఇంట్లో మాట్లాడటానికి పిల్లలు జంకుతారు, తండ్రులు ఇంకా జంకుతారు. ఈ మాటను అడ్మిట్ వచ్చేదాకా వాయిదా వేయకండి. మొదటి ఏడాది ఫీజు, ఖర్చులకు సరిపడా డబ్బు చూపిస్తేగాని ఐ-20 రాదు. పొలం ఉంది కదా అనుకుంటారు. విద్యా రుణానికి వ్యవసాయ భూమిని బ్యాంకులు సాధారణంగా తనఖా పెట్టుకోవు. ఇల్లు పెడదామంటే ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్. ఆ ఇల్లు ఇంకా తాతగారి పేరునే ఉంటే పెదనాన్న, మేనత్త సంతకాలు. అవి అడిగి తెచ్చుకునే పని వారంలో తేలదు. బ్రిటన్‌కైతే చూపించే సొమ్ము ఖాతాలో వరుసగా 28 రోజులు నిలవాలి, ఒక్క రోజు తగ్గినా చిక్కే. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి లాంటి తెలంగాణ పథకాలకు కులం, ఆదాయం పత్రాలు ముందే మీసేవలో తీసి ఉంచుకోవాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు ఉద్యోగ అనుభవం కావాలి. దాని గడువు మామూలుగా మే నెలలో, చదువు మొదలయ్యే ఏడాదికి ముందటి మేలో పడుతుంది. వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల్లో హార్వర్డ్‌కు బయల్దేరడానికి కూడా మామగారు సమకూర్చిన డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం సమకూడాల్సి వచ్చింది. అంతటివారి ప్రయాణంలోనూ ఇతరుల చేతులు ఉన్నాయి.

జర్మనీ వెళ్ళేవాళ్ళు అమెరికా క్యాలెండరు పట్టుకుని కూర్చోకూడదు. అక్కడ వింటర్ సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది. చాలాచోట్ల జూలై 15 దాకా తీసుకుంటారని విని ధీమాగా ఉంటారు. విదేశీ విద్యార్థులు ఎక్కువగా కోరుకునే ఇంగ్లిషు కోర్సులు కొన్ని అంతకు చాలా ముందే తలుపు మూసేస్తాయి. పైగా 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకు, వాళ్ళ మార్కుల పత్రాలు అసలువేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు.

అన్నీ సరిగ్గా చేసినా జరగనివి జరుగుతాయి. 2025 మే చివర్లో అమెరికా విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఉన్నట్టుండి ఆపేసింది, జూన్ మూడో వారంలో గాని మళ్ళీ మొదలుపెట్టలేదు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాటు కోసం రాత్రిళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చున్న పిల్లల్ని చూశాను. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుని వచ్చినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఆ మొక్కు మీద నాకు గౌరవం ఉంది. చేయాల్సిందంతా చేశాక కూడా మన చేతిలో లేనిది ఒకటుందని ఒప్పుకోవడం అది. అప్పటికే ఐ-20 తెచ్చుకుని, అడ్మిషన్‌ను తర్వాతి సెమిస్టర్‌కు మార్చమని కోరే మెయిల్ ఎలా రాయాలో తెలుసుకుని ఉన్నవాళ్ళు ఆ మూడు వారాలూ నిబ్బరంగా ఉండగలిగారు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగే ఎదురుచూపుకు మాత్రం ఏ టైమ్‌టేబులూ పనికిరాదు. స్నేహితుడికి అడ్మిట్ వచ్చి మీకు రిజెక్ట్ వచ్చిన రోజు అతని స్టేటస్ చూసి మనసారా అభినందించడం కష్టం. అయినా ఆ రోజే ఫోన్ చేయండి. స్కాలర్‌షిప్పో, అసిస్టెంట్‌షిప్పో ఇస్తామని యూనివర్సిటీ రాస్తే భయపడి మర్నాడే ఒప్పుకోనక్కర్లేదు. ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే హక్కును అమెరికాలోని గ్రాడ్యుయేట్ స్కూళ్ళు చాలావరకు ఒక తీర్మానం ద్వారా ఒప్పుకున్నాయి. మీరు చేరబోమని తేల్చుకున్న చోటికి మాత్రం ఆ తేదీ దాకా ఆగకుండా వద్దని రాసేయండి. వెయిటింగ్ లిస్టులో ఇంకెవరో ఉంటారు.

భీమవరం వైపు పిల్ల అన్నాను కదా, ఆమె త్రీ-టూలో ఉండగా వాళ్ళింటికి వెళ్ళాల్సి వచ్చింది. వంటింటి గోడకు తెలుగు క్యాలెండరు. తిథులు, రాహుకాలాల పక్కన వాళ్ళమ్మ పాల లెక్కలు, గ్యాసు బండ బుక్ చేసిన తేదీలు. వాటి మధ్య సన్నటి పెన్సిలుతో కూతురి రాత. అక్టోబరు మొదటివారంలో ముగ్గురు లెక్చరర్ల పేర్లున్నాయి, నాది రెండోది. పక్కనే "రెజ్యుమె, ఎస్‌ఓపీ చిత్తు, యూనివర్సిటీల లిస్టు కలిపి ఇవ్వాలి" అని ఉంది. డిసెంబరు 15 గడిలో "16 ఉదయం 10:29" అని రాసి కొట్టేసింది. నవంబరు 28 చుట్టూ గుండ్రంగా గీసింది. ఆ గడిలో ఆమె పెన్సిలు గీత కింద వాళ్ళమ్మ రాత ఉంది: "పాలు 2 లీ. — పాప అప్లికేషన్."