మంత్రానికి కరెంటు బిల్లు ఎవరు కడతారు?

పోయిన సెమిస్టర్ సెలవుల్లో నేనొక ఫాంటసీ కథ రాశాను. కథ జరిగేది ఒక కరువు సీమలో. హీరో పదిహేనేళ్ళ పిల్లోడు. వాడు నేల మీద అరచెయ్యి పెట్టి మంత్రం చదివితే ఎండిపోయిన బావిలోకి నీళ్ళు ఎగదన్నుకుని వస్తాయి. ఊరంతా పండగ. కథ కంచికి.

మా ఊరు పలమనేరు దగ్గర. మా తాత నాలుగు బోర్లు వేయిస్తే మూడిట్లో నీళ్ళు పడలేదు. ఆ అప్పు తీర్చడానికి ఎకరా నేల అమ్మేశాం. కాబట్టి ఆ కథ ఎవరి కోసం రాశానో మీకు అర్థమయ్యే ఉంటుంది. తాతకి చదివి వినిపించాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు:

"బాగుండాది గానీ అబ్బోడా, ఆ నీళ్ళు యాడ్నించి వచ్చినాయిరా? పక్కోని బావి ఎండిపోయిందా?"

"అది మ్యాజిక్ తాతా" అన్నాను.

"వానికి అంత శక్తి ఉంటే ఊరు ఇన్నాళ్ళూ ఎందుకు ఎండింది మరి?"

నా దగ్గర జవాబు లేదు. మన క్లబ్‌లో ఫాంటసీ రాసే వాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ రెండు ప్రశ్నల వల్ల నేను నేర్చుకున్నది మీకూ పనికొస్తుందని ఈ వ్యాసం.

ముందు నాలుగు ప్రశ్నలు

మ్యాజిక్ ఫిజిక్స్‌ని పాటించాల్సిన పని లేదు. కానీ దానికంటూ ఒక పద్దు పుస్తకం ఉండాలి. జమ ఎంత, ఖర్చు ఎంత అన్నది కథ మొదటి నుంచి చివరి దాకా ఒకే లెక్కలో నడవాలి. అందుకు నాలుగు ప్రశ్నలు చాలు.

1. శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?
2. ఎక్కడ నిలవ ఉంటుంది, ఎంత పడుతుంది?
3. ఏ పనికి ఎంత ఖర్చు అవుతుంది?
4. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది?

మనలో చాలామంది మూడో ప్రశ్నతోనే ఆగిపోతాం. హీరో ముక్కులోంచి కాస్త రక్తం కారితే ఖర్చు చూపించేశాం అనుకుంటాం. మా తాత అడిగింది నాలుగోది.

మన కథల్లో ఈ లెక్క ఉందా?

ఉంది. రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడి కథ చూడండి. తపస్సు చేస్తే శక్తి పోగవుతుంది. ఆ బలంతోనే త్రిశంకుణ్ణి స్వర్గానికి పంపబోతాడు. ఇంద్రుడు కిందికి తోసేస్తే కోపంతో దక్షిణ దిక్కున కొత్త నక్షత్రాలనే సృష్టిస్తాడు. ఆ తర్వాత మేనకతో పదేళ్ళు గడిచిపోతాయి. మళ్ళీ తపస్సుకి కూర్చుంటాడు. రంభ వస్తే కోపం ఆపుకోలేక రాయివై పొమ్మని శపిస్తాడు, ఆ కోపంతో కూడబెట్టిన తపస్సు పోతుంది. అంటే చార్జింగ్ ఉంది, వాడకం ఉంది, లీకేజీ కూడా ఉంది. ఆ లీకేజీకి కారణం హీరో స్వభావమే. అందుకే అది పాత్ర కథగా కూడా నిలబడింది. చివరికి ఆయన గెలవాల్సింది శత్రువుని కాదు, తన కోపాన్ని.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన తిరుపతిలోనే ఉంది. పద్మావతితో పెళ్ళికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, ఆ వడ్డీ ఇప్పటికీ కడుతున్నాడనీ, హుండీలో మనం వేసేది అందుకేననీ చిన్నప్పటి నుంచి వింటున్నాం. దేవుడికి అప్పెందుకు అని నేనూ అడిగేవాణ్ణి. ఆ జవాబు కూడా కథలోనే ఉంది. లక్ష్మి అలిగి వెళ్ళిపోయింది, ఆవిడ లేనప్పుడు ఆయన దగ్గర సిరి లేదు. దేవుడికి కూడా నియమం మారలేదు. పైగా వడ్డీ ఎవరెవరు కడుతున్నారో కూడా కథ చెబుతోంది. నాలుగో ప్రశ్నకి ఇంతకంటే స్పష్టమైన జవాబు నేనైతే ఎక్కడా చూడలేదు.

అన్ని కథలకీ ఇంత లెక్క అవసరమా అంటే, లేదు. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాలో విగ్రహం ఏది అడిగితే అది ఇస్తుంది, శక్తి ఎక్కడిదో ఎవరూ అడగరు. కానీ అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే వింటుంది. దాన్ని సంపాదించడానికి ఒక సాహసవంతుణ్ణి బలి ఇవ్వాలి. కాబట్టి కథంతా విగ్రహం ఎవరి చేతికి పోతుందా అన్న దాని మీద నడుస్తుంది. శక్తికి పరిమితి పెట్టకపోతే దాన్ని అందుకునే దారికైనా పరిమితి పెట్టాలన్నమాట.

బయటి రచయితల్లో ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' చదవండి. అందులో మామూలు మాంత్రికులు వానని తమ మీద పడకుండా పక్కకి తోసేస్తుంటారు, అది ఇంకొకరి వైపు పోతుంది. ఓజియన్ అనే గురువు మాత్రం వానని దాని ఇష్టమొచ్చిన చోట పడనిస్తాడు. ఆయనా మా తాతా ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చారు!

నా కథకి లెక్క వేశాను

ఒక ఎకరాకి అంగుళం ఎత్తు నీళ్ళు పెట్టాలంటే సుమారు లక్షా మూడు వేల లీటర్లు కావాలి. మా వైపు వెయ్యి అడుగుల బోర్లు కొత్త కాదు. అంత లోతు నుంచి ఆ నీటిని పైకి ఎత్తడానికి, ఏ వృథా లేకపోయినా, దాదాపు 85 యూనిట్ల శక్తి పడుతుంది. బరువు, గురుత్వం, ఎత్తు గుణిస్తే వచ్చేదే, ఇంటర్‌లో అందరం చేసిన లెక్కే. మనిషి రోజుకి 2000 కిలోక్యాలరీల తిండి తింటాడనుకుంటే అది 2.3 యూనిట్లు. అంటే ఒక్క ఎకరాకి ఒక్క తడి ఇవ్వాలంటే ఒక మనిషి 37 రోజుల తిండి.

నా హీరో ఊరంతటికీ ఒక్క చేత్తో నీళ్ళు తెచ్చాడు. ఆ లెక్కన వాడు మొదటి మడి తడవక ముందే చచ్చిపోవాలి.

మొదట దిగులేసింది. తర్వాత ఆ అంకెలోనే కొత్త కథ కనిపించింది. ఒకడు 37 రోజులు పస్తుంటే ప్రాణం మీదికొస్తుంది గానీ 37 మంది ఒక్క రోజు ఉండగలరు కదా! అలా మంత్రం ఒక్కడి వరం కాకుండా ఊరు కలిసి పట్టే ఉపవాసం అయింది. ఇన్నాళ్ళూ ఊరు ఎందుకు ఎండిందో కూడా తేలిపోయింది. వాళ్ళలో వాళ్ళకి పడదు, 37 మంది ఎప్పుడూ ఒక చోట కూర్చోలేదు. ఇంకోటి కూడా బయటపడింది. శక్తి తిండిలోంచి వస్తే గాదెలు నిండా గింజలున్న వాడే పెద్ద మాంత్రికుడు. విలన్‌ని నేను వెతకలేదు, రూల్‌లోంచే వచ్చాడు.

విలన్ టెస్ట్

మన ప్రోగ్రామ్‌కి టెస్ట్ కేసులు రాసినట్టే మ్యాజిక్‌కీ రాయాలి. రూల్స్ ఒక్క పేజీలో రాసి ఫ్రెండ్‌కి ఇవ్వండి. "నువ్వు విలన్‌వి, దీన్ని ఎలా వాడుకుంటావ్?" అని అడగండి. నా రూమ్మేట్ రెండు నిమిషాల్లో పట్టేశాడు. "మంత్రంతో గింజలు పుట్టించి, అవి తిని, ఆ శక్తితో ఇంకా ఎక్కువ గింజలు పుట్టిస్తా" అన్నాడు. ఇన్ఫినిట్ లూప్! అందుకే ఇంకో రూల్ పెట్టాను: మంత్రం ఉన్నదాన్ని కదిలిస్తుంది, లేనిదాన్ని పుట్టించదు.

ఆ రూల్ పెట్టగానే మళ్ళీ తాత ప్రశ్న దగ్గరికే వచ్చి పడ్డాను. ఎత్తే శక్తికి లెక్క తేలింది, నీటికి తేలలేదు. పుట్టించలేనప్పుడు ఆ నీళ్ళు ఎవరివో అయ్యుండాలి. నేల కింద గోడలు లేవు. ఇక్కడ లాగితే పక్కూరి బావి దిగిపోతుంది. ఇప్పుడు నా హీరో నీళ్ళు తెచ్చే ముందు పక్కూరికి నడిచి వెళ్ళి అడగాలి.

పోయిన ఆదివారం ఊరికి వెళ్ళి కొత్త కథ చదివి వినిపించాను. 37 మంది ఉపవాసం దగ్గర తాత తల ఊపాడు. హీరో పక్కూరి రచ్చబండ దగ్గరికి చేరే దాకా చదివి ఆపాను.

"అయితే వాళ్ళు ఒప్పుకున్నారా?" అన్నాడు.

"ఇంకా రాయలేదు తాతా."

"బిరీన రాయి. ఏమంటారో నాకూ చూడాలనుండాది."