వేసవి మేఘముల పుట్టుక

వేసవిలో ఖమ్మమునుండి భద్రాచలపు అడవులవైపు పోవు బాటసారికి, ఉదయము నిర్మలముగ నున్న ఆకసమున మధ్యాహ్నమునకు దూదికుప్పలవంటి తెల్లని మేఘములు తరచుగ కానవచ్చును. వీని అడుగు బల్లపరుపుగను, పైభాగము గుమ్మటముల వలెను ఉండును. లూక్ హొవార్డు అను ఆంగ్లేయుడు 1802లో వీనికి క్యుములస్ అని పేరిడెను. ఆ లాటిను మాటకు కుప్ప యని యర్థము. ఇట్టి మేఘమెట్లు పుట్టునో, చుట్టునున్న గాలినెట్లు మార్చునో విచారింతము.

ప్రయోగము: గాజుజాడీలో నాలుగు వ్రేళ్ల లోతున వేడినీరు పోసి, అగరువత్తి పొగను కొంచెము లోనికి పంపి, మూతిపై మంచుగడ్డలున్న పళ్లెము నుంచవలెను. కొంతసేపటికి లోపల పొగమంచు కమ్మును. పొగ లేకుండ చేసినచో అది మిక్కిలి పలుచగ నుండును. కావున మేఘమునకు ఆవిరి, చల్లదనము, సూక్ష్మరేణువులు మూడును కావలెనని తెలియుచున్నది.

ఆకసమున మంచుపళ్లెము లేదుగదా, చల్లదనమెట్లు కలుగును? సైకిలు చక్రమునుండి వెడలు గాలి చల్లగ తగులుట మీరెరుగుదురు. వ్యాకోచించు గాలి చల్లబడును. ఆకుల నీడగల అడవికంటె బీడుచేలు త్వరగా కాగును. వానిపై వేడెక్కిన గాలి తేలికయై లేచి, పైన పీడనము తగ్గుటచే వ్యాకోచించి, కిలోమీటరునకు సుమారు 10 డిగ్రీలు చల్లబడును.

లెక్క: నేలవద్ద గాలి వేడిమి 34 డిగ్రీలు, అందలి ఆవిరి నీటిబొట్లుగ మారు వేడిమి 26 డిగ్రీలు అనుకొందము. తేడా 8. డిగ్రీకి 125 మీటర్ల చొప్పున, మేఘపు అడుగు సుమారు 1000 మీటర్ల యెత్తున నుండును. ఆ యెత్తు చుట్టుపట్ల దాదాపు ఒక్కటే యగుటచే అడుగు బల్లపరుపైనది.

ఒక గ్రాము ఆవిరి నీరైనపుడు దాదాపు 600 కేలరీల వేడిమి వెలువడి, గాలిని మరింత పైకెత్తును. దానికి బదులుగ చుట్టునున్న గాలి మెల్లగ దిగును. దిగు గాలి నొక్కుడుపడి వేడెక్కి పొడిబారును. మేఘముల నడుమ నీలాకాశము కనబడుటకు ఇదియొక కారణము. అంచులందలి బొట్లు మరల ఆవిరియై చుట్టునున్న గాలిని చల్లబరచి, తేమగొల్పును. ఆ తేమలో తరువాతి మేఘము సులభముగ పెరుగును.

మేఘము మిగుల యెత్తునకు పెరిగినచో క్యుములోనింబస్ అగును. పడు వానలో కొంత ఆవిరియగుటచే చల్లబడి బరువెక్కిన గాలి క్రిందికి దూకి, ఈదురుగాలియై మన కల్లములపై విసరును. కల్లమున మిరపకాయలు ఎండబెట్టు తల్లిదండ్రులారా, గుమ్మటము నల్లబడి పెరుగుట చూచినపుడే పంటను కప్పుడు. ఉరుము వినబడెనా, పంటను విడిచి పక్కాయింటిలోనికి పొండు, చెట్టుక్రింద నిలువరాదు. కడపటి ఉరుము పిమ్మట 30 నిమిషములు బయటికి రారాదు. విద్యార్థులారా, ఈ పాఠమును ఇంటివారికిని వినిపింపుడు.