గ్యాసు నిప్పునకు యంత్రపు కాపలా

తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలలో చలి కాచుకొనుటకు గోడలో పొయ్యి కట్టించుకొనువారు అరుదు. కాని యిచటినుండి అమెరికాకు వెళ్లిన మనవారి యిండ్లలో గ్యాసుతో మండు చలిపొయ్యి ఉండుట కద్దు. దానిని సెల్‌ఫోనుతోనే వెలిగింపవచ్చునని విని మనము ఆశ్చర్యపడుదుము.

పాతరకపు చలిపొయ్యిలో చిన్నదీప మొకటి ఎల్లప్పుడును వెలుగుచుండును. దాని వేడిమి రెండు లోహముల అతుకునకు తగిలి స్వల్పవిద్యుత్తును పుట్టించును. ఇది 1821లో సీబెక్ గుర్తించిన ధర్మము. ఇట్టి అతుకులను పెక్కింటిని వరుసగా కూర్చినచో సుమారు అర వోల్టు మొదలు ముప్పాతిక వోల్టు వరకు లభించును. ఆ కొద్దిపాటి విద్యుత్తే గ్యాసు కవాటమును తెరచి పట్టుకొనును. దీపమారెనా, కవాటము తనంతట మూతపడును. ఇంతకంటె నమ్మకమైన కాపలాదారు మాకు కనబడలేదు. గోడమీది మీట చేయునది రెండు తీగలను కలుపుట మాత్రమే. ఫోనునకు లోబడు మీటయు ఆ పనియే చేయవలెను. ఇంటిదీపముల విద్యుత్తును ఆ తీగలలోనికి పంపినచో కవాటము చెడును.

మన వంటయిండ్ల మాట వేరు. సిలిండరులోని ప్రొపేను, బ్యూటేనులు గాలికంటె బరువైనవి. కారినచో నేలబట్టి ప్రాకును. కావున గ్యాసును పసికట్టు యంత్రమును నేలకు చేరువగా అమర్చవలెను. గొట్టములగుండ వచ్చు సహజవాయువు తేలిక గనుక, దానికైనచో పైకప్పు దగ్గర.

ఎవ్వరును లేని యింట యంత్రము మంటను ఆర్పుట మేలే. వెలిగించుటను మాత్రము మేము మెచ్చము. పొయ్యిముందు పసిబిడ్డ ప్రాకుచున్నదో, తెర వ్రేలాడుచున్నదో ఆ మీట యెరుగదు.

వాసన తగిలినచో, బాలబాలికలారా, ఫాను మీటనైనను ముట్టకుడు. రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరచి, వెలుపలికి వచ్చి 1906నకు ఫోను చేయింపుడు.