నవ్వని విదూషకుడు

హాస్యరసము రెండు విధములని భరతముని నాట్యశాస్త్రమున చెప్పెను. తాను నవ్వునపుడు అది ఆత్మస్థము. ఇతరులను నవ్వించునపుడు పరస్థము. ఈ రెండింటిలో మొదటిదానిని పూర్తిగా విడిచి, రెండవదానినే జీవితకాలమంతయు ఆశ్రయించిన నటుడొకడు అమెరికాలో ఉండెను. ఆతని పేరు బస్టర్ కీటన్. తెరమీద ఆతని చుట్టును ఇండ్లు కూలును, పడవలు మునుగును, రైళ్ళు నదిలో పడును. ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వుదురు. ఆతని ముఖమున మాత్రము చిఱునవ్వు రేఖయైనను కానరాదు. అమెరికా ప్రజలు ఆతనికి రాతిముఖమువాడని పేరు పెట్టిరి. ఆ కదలని ముఖము ఆతనికి పుట్టుకతో వచ్చినది కాదు. చిన్ననాట రంగస్థలముమీద పడుచు, లేచుచు నేర్చుకొన్నది.

కీటన్ 1895వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన కాన్సాస్ రాష్ట్రమందలి పిక్వా అను పల్లెలో జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్ ఫ్రాంక్. ఆ పల్లె వారి స్వగ్రామము కాదు. తండ్రి జో, తల్లి మైరా సంచార నటులు. ఆటపాటలతో జనమును పోగుచేసి, నడుమనడుమ మందుసీసాలు అమ్ముకొను ఒక చిన్న బృందముతో వారు ఊరూర తిరుగుచుండిరి. బృందము పిక్వాలో దిగిన సమయముననే శిశువు కలిగెను.

బస్టర్ అను పేరు తరువాత వచ్చినది. పసివాడు ఒకనాడు మెట్లమీదినుండి క్రిందివఱకు దొర్లి, ఏడువక లేచి కూర్చుండెనట. ఆనాటి రంగస్థలభాషలో దెబ్బ తగులునట్లు పడుటను బస్టర్ అనుచుండిరి. ఆ మాటయే పేరుగా నిలిచెను. ఆ పేరు పెట్టినవాడు సుప్రసిద్ధ ఐంద్రజాలికుడైన హూడినీయే అని కీటన్ చెప్పుచుండెడివాడు. ఇంకొకమాఱు సుడిగాలి పిల్లవానిని కిటికీనుండి ఎగురగొట్టి వీధి నడుమ దింపెనని మఱియొక కథ కలదు. నాటకములవారి యిండ్లలో పుట్టిన కథలకు ప్రకటన కొఱకు పెట్టిన మెఱుగులు చాల ఉండును. వానినన్నిటిని నమ్మవలసిన పనిలేదు. పడుటయే ఆ బాలుని విద్యయైనదనుట మాత్రము సత్యము.

ఆఱేండ్లైన నిండకముందే బస్టర్ తల్లిదండ్రులతో కలిసి రంగస్థలమెక్కెను. ముగ్గురు కీటన్లు అను పేర వారి ప్రదర్శన దేశమంతటను ప్రసిద్ధి కెక్కెను. అందలి కథ స్వల్పము. మాట వినని కొడుకును తండ్రి దండించును, అంతియే. దండించుట యనగా పిల్లవానిని ఎత్తి తెరలమీదికి, ఒక్కొక్కప్పుడు వాద్యగాండ్రు కూర్చుండు గుంటలోనికి, విసరివేయుట! విసరుటకు అనువుగా నుండుటకై బాలుని కోటు వెనుక పెట్టె పిడివంటి పిడిని కుట్టిరి. బస్టర్ పడునపుడు దేహమును వదులుచేసి, నేల తాకుటకు ముందు చేతితోనో, కాలితోనో వేగమును ఆపుకొనుట నేర్చెను. ఇంకొకటి కూడ గమనించెను. పడి లేచి తాను నవ్వినచో ప్రేక్షకులు అంతగా నవ్వరు. ఏమియు జరుగనట్లు గంభీరముగా చూచినచో కొట్టు దద్దరిల్లును. నాటినుండి ఆ బాలుడు రంగస్థలముమీద నవ్వుట మానెను.

బాలసంరక్షణ సంఘములవారు ఈ ప్రదర్శనను న్యూయార్కులో పలుమాఱులు అడ్డగించిరి. బాలుని దేహముపై గాయములున్నవేమో అని అధికారులు పరీక్షించిన సందర్భములును కలవు. తన తండ్రి తనను ఎన్నడును గాయపఱచలేదనియే కీటన్ వృద్ధాప్యమున కూడ చెప్పెను. అయినను, పిల్లవానిని వస్తువువలె విసరి డబ్బు గడించుట నేటి కంటికి వినోదముగా తోచదు. పాఠశాలకు తాను వెళ్ళినది ఒక్కదినము మాత్రమే అని కూడ ఆతడు చెప్పుకొనెను. తండ్రి క్రమముగా మద్యమునకు దాసుడయ్యెను. త్రాగినవాని చేతులలో ఇట్టి ప్రదర్శన ప్రాణాపాయము. కావున 1917లో ముగ్గురు కీటన్లు విడిపోయిరి.

ఆ సంవత్సరముననే బస్టర్ న్యూయార్కులో రాస్కో ఆర్బకిల్ అను స్థూలకాయుడైన హాస్యనటుని కలిసికొనెను. ఆర్బకిల్ అప్పుడు "ది బుచర్ బాయ్" అను చిన్న చిత్రమును తీయుచుండెను. అందు ఒక వేషము వేయుమని ఆతడు కోరెను. బస్టర్ దృష్టి వేషముకంటె కెమెరామీద నిలిచెను. ఆ యంత్రమును బసకు తెచ్చుకొని, రాత్రియంతయు విప్పి, మఱల బిగించి, అది పనిచేయు విధమును తెలిసికొనెనని చెప్పుదురు. ఎక్కువ వేతనము రానున్న రంగస్థలపు ఒడంబడికను విడిచి, తక్కువ జీతమునకు చలనచిత్రములలో చేరెను. 1918లో సైన్యమున చేరి ఫ్రాన్సునకు వెళ్ళి, వినికిడి కొంత పోగొట్టుకొని తిరిగివచ్చెను. 1920లో నిర్మాత జోసెఫ్ షెంక్ ఆతనికి ప్రత్యేకముగా ఒక స్టూడియోను ఏర్పాటుచేసెను. అది మొదలు ఎనిమిదేండ్లపాటు కథ, నటన, దర్శకత్వము అన్నియు ఆతని చేతిలోనే ఉండెను.

అవి మూగచిత్రముల కాలము. 1921లో తీసిన "ది ప్లేహౌస్" అను చిత్రమున ఒకే వేదికమీద ఒకే వరుసలో తొమ్మిదిమంది కీటన్లు కనిపింతురు. ఛాయాగ్రాహకుడు ఎల్గిన్ లెస్లీ కెమెరా కటకమునకు ముందు ఒక మూతను అమర్చెను. అందు నిలువుగా తొమ్మిది భాగములు, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క తలుపు. ఒక తలుపు తెఱచి, కీటన్ అభినయమును తీసి, దానిని మూసి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, రెండవ తలుపు తెఱతురు. కీటన్ రెండవ స్థానమున నిలిచి మఱల అభినయించును. ఇట్లు ఒకే ఫిల్ము తొమ్మిదిమాఱులు నడిచెను. ఆనాడు కెమెరాను చేతితో త్రిప్పెడివారు. తొమ్మిదవసారి లెస్లీ చేయి వడి తప్పినను, కీటన్ అడుగు తప్పినను మొదటి ఎనిమిదిసార్ల శ్రమయు వ్యర్థమగును.

అయితే ఇట్టి కనికట్టు విద్యలను కీటన్ కలల దృశ్యములకును, వింత దృశ్యములకును మాత్రమే వాడెను. సాహసమును చూపవలసివచ్చినపుడు ఆతని నియమము వేఱు. తాను చేయుపని తలనుండి పాదములవఱకు, నడుమ ముక్కలు కోయక, దూరమునుండి కనబడవలెను. లేనిచో ప్రేక్షకుడు నమ్మడు, నమ్మనివాడు నవ్వడు. "షెర్లాక్ జూనియర్" చిత్రమును 1924లో తీయునపుడు, రైలుపెట్టెలమీద పరుగెత్తి, ఇంజనులకు నీరు పట్టు తొట్టి గొట్టమును పట్టుకొని వ్రేలాడు దృశ్యమున నీటి ధార ఆతనిని పట్టాలమీదికి పడద్రోసెను. మెడ వెనుక భాగము పట్టాకు తగిలెను. కొన్నిదినములు తలనొప్పితో బాధపడియు ఆతడు పని మానలేదు. చాల ఏండ్ల తరువాత ఎక్స్-రే చూచిన వైద్యుడు, మెడ యెముక ఎప్పుడు విఱిగినదని అడుగగా గాని ఆ సంగతి ఆతనికి తెలియలేదు.

కీటన్ చిత్రములలో ఆతడు మిక్కిలి ప్రేమించినది "ది జనరల్". అమెరికా అంతర్యుద్ధకాలమున, 1862 ఏప్రిలులో, ఉత్తర పక్షపు గూఢచారులు జార్జియాలో జనరల్ అను పేరుగల రైలు ఇంజనును అపహరించి పాఱిపోయిరి. దక్షిణాదివారు వారిని తఱిమి పట్టుకొనిరి. కీటన్ ఈ నిజమైన కథను తీసికొని, ఇంజను పోగొట్టుకొన్న డ్రైవరును నాయకునిగా చేసెను. పాతకాలపు పట్టాలు, అడవులు దొరకునని 1926లో తన బృందమును ఓరెగాన్ రాష్ట్రమందలి కాటేజ్ గ్రోవ్ పట్టణమునకు తీసికొనిపోయెను.

ఈ చిత్రమున ఒక దృశ్యము కలదు. ప్రేయసిచే తిరస్కరింపబడిన నాయకుడు విచారముతో ఇంజను చక్రములను కలుపు ఇనుప కడ్డీమీద కూర్చుండును. ఇంజను మెల్లగా కదలును. కడ్డీతోపాటు ఆతడును పైకి లేచుచు, క్రిందికి దిగుచు పోవును. తన దుఃఖములో ఆ సంగతియే ఎఱుగడు. చూచుటకు ఇది సుకుమారమైన హాస్యము. కాని ఆవిరి ఒక్కసారి ఎక్కువై చక్రము జాఱి గిఱ్ఱున తిరిగియున్నచో, ఆ కడ్డీ ఆతని ప్రాణము తీసియుండెడిది. మఱియొకచోట, కదలు ఇంజను ముందుభాగమున కూర్చుండి, పట్టాలమీద అడ్డముగానున్న దుంగను చేతిలోని వేఱొక దుంగతో కొట్టి ఎగురగొట్టును. గుఱి తప్పినచో ఇంజనే పట్టాలు తప్పును.

ఆ సంవత్సరము జూలై 23వ తేదీన చిత్రమునకు ప్రధానమైన దృశ్యమును తీసిరి. మండుచున్న వంతెనమీదికి శత్రువుల రైలు వచ్చును, వంతెన విఱుగును, ఇంజను నదిలో కూలును. బొమ్మలతో తీయవచ్చునని చెప్పినను కీటన్ ఒప్పుకొని యుండడు. రో నదిమీద నిజమైన వంతెన కట్టించి, నిజమైన ఇంజనును దానిమీదికి నడిపించెను. డ్రైవరు స్థానమున బొమ్మను మాత్రము ఉంచిరి. చుట్టుప్రక్కలనుండి వేలకొలది జనము చూడవచ్చిరి. రెండవసారి తీయుటకు వంతెనయు లేదు, ఇంజనును లేదు. ఈ ఒక్క దృశ్యమునకు 42 వేల డాలర్లు వ్యయమయ్యెనని చెప్పుదురు. మూగచిత్రములలో ఇంత ఖరీదైన దృశ్యము వేఱొకటి లేదని ప్రతీతి.

ఇంత శ్రమించి తీసిన చిత్రము 1927లో అమెరికాలో విడుదలయినపుడు విమర్శకులు పెదవి విఱిచిరి. ప్రజలును అంతగా రాలేదు. యుద్ధమును హాస్యముగా చూపుట తగదని కొందఱనిరి. పెట్టుబడికి తగిన రాబడి లేకపోవుటచే, కీటన్ చేతిలోని స్వేచ్ఛను కోయుటకు నిర్మాతలకు కారణము దొరికెను.

స్వతంత్రముగా తీసిన చివరి చిత్రము 1928 నాటి "స్టీమ్‌బోట్ బిల్ జూనియర్". తుపానులో ఒక యింటి ముందరి గోడ అంతయు విఱిగి నాయకునిమీద పడును. పై అంతస్తులోని చిన్న కిటికీ సరిగా ఆతడు నిలిచిన చోటికి వచ్చుటచే, గోడ నేలబడినను ఆతడు చెక్కుచెదరక నిలిచియుండును. గోడ నిజమైనది, మిక్కిలి బరువైనది. కిటికీకిని ఆతని భుజములకును నడుమ ఎడము కొన్ని అంగుళములే. నిలుచు చోటును గుర్తించుటకు నేలలో ఒక మేకు కొట్టిరి. గోడ పడునపుడు బృందములోని కొందఱు చూడలేక మొగము త్రిప్పుకొనిరట. కీటన్ కంటిఱెప్పయైనను అల్లాడలేదు.

ఆ యేడే షెంక్ సలహాపై కీటన్ తన స్టూడియోను విడిచి మెట్రో గోల్డ్విన్ మేయర్ అను పెద్ద సంస్థలో చేరెను. చేరవద్దని చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ హెచ్చరించిరి. తన జీవితమున చేసిన తప్పులలో ఇదియే పెద్దదని కీటన్ తరువాత వ్రాసికొనెను. శబ్దచిత్రములు వచ్చి ఆతనిని చెఱచినవని పలువురు తలంతురు. అది సరికాదు. ఆతని కంఠము బాగుగనే ఉండెను. ఆతడు మాటాడిన చిత్రములకు డబ్బును బాగుగనే వచ్చెను. చెఱచినది వేఱు. అచ్చట కథను పదిమంది రచయితలు వ్రాయుదురు. ప్రతి దృశ్యమును ముందుగా కాగితముమీద పెట్టి అనుమతి పొందవలెను. చేయుచుండగా కొత్త ఊహ పుట్టించుకొనుటయే కీటన్ పద్ధతి. ఆ పద్ధతికి అచ్చట చోటు లేదు. ఆతడు తాగుడులో పడెను. తండ్రిని చెఱచిన వ్యసనమే కొడుకును పట్టెను. 1932లో భార్య నాటలీ విడాకులు పొందెను. ఇద్దఱు కొడుకులును తల్లివద్దకు పోయిరి, వారి యింటిపేరు కూడ మాఱెను. 1933లో సంస్థ ఆతనిని పనినుండి తొలగించెను.

కొంతకాలము వైద్యాలయములలో గడపి ఆతడు మెల్లగా కోలుకొనెను. ఏ సంస్థ తొలగించెనో ఆ సంస్థలోనే, ఇతర నటులకు హాస్యపు ఊహలు చెప్పు చిన్న ఉద్యోగమునకు, పూర్వపు జీతములో స్వల్పభాగమునకు కుదిరెను. అభిమానము చంపుకొనుట ఎట్టిదో అట్టి స్థితిలోనున్నవానికే తెలియును. 1940లో ఎలినార్ నారిస్ అను నర్తకిని వివాహమాడెను. ఆమె ఆతనికంటె చాల చిన్నది. ఈ పెండ్లి నిలువదని మిత్రులనిరి. అది ఆతని మరణమువఱకు నిలిచెను.

1949లో జేమ్స్ ఏజీ అను విమర్శకుడు లైఫ్ పత్రికలో మూగచిత్రముల హాస్యముపై దీర్ఘమైన వ్యాసము వ్రాసి, కీటన్ గొప్పతనమును జనులకు మఱల తలపునకు తెచ్చెను. 1952లో చాప్లిన్ తన "లైమ్‌లైట్" చిత్రమున ఆతనికి ఒక చిన్న వేషమిచ్చెను. పాత ప్రత్యర్థు లిద్దఱును కలిసి నటించిన చిత్రమదియొక్కటే. పోయినవనుకొన్న పాత ఫిల్ములు కొన్ని, ఒకప్పుడు కీటన్‌దైన భవనములోనే, దానిని తరువాత కొన్న నటుడు జేమ్స్ మేసన్‌కు దొరికెను. 1960లో ఆస్కార్ గౌరవ పురస్కారము లభించెను. 1965లో వెనిస్ చలనచిత్రోత్సవమున ప్రేక్షకులు లేచి నిలుచుండి చాలసేపు కరతాళధ్వనులు చేసిరి. మఱుసటి యేడు ఫిబ్రవరి 1వ తేదీన కీటన్ కాలిఫోర్నియాలో శ్వాసకోశపు క్యాన్సరుతో మరణించెను.

రో నదిలో కూలిన ఇంజను చాల ఏండ్లు అచ్చటనే పడియుండెను. జనులు వచ్చి చూచి పోవుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇనుము కొఱకు దానిని ముక్కలు చేసి తీసికొనిపోయిరి. అమెరికా ప్రభుత్వము శాశ్వతముగా భద్రపఱుపవలసిన చిత్రములను 1989లో మొట్టమొదటిసారి ఎన్నుకొన్నపుడు, ఆ యిరువదియైదింటిలో "ది జనరల్" ఒకటి.