నల్లరేగడి నేలలో పునాది

మన కళాశాలలో వినిపించే రెండు భాషలూ కలుసుకొనే మాటలలో ‘పునాది’ ఒకటి. ఫారసీ ‘బునియాద్’ ఉర్దూలో దాదాపు అట్లే నిలిచినది, తెలుగులో పునాదిగా మారినది. ‘రేగడి’ అనే మరొక మాట మన నేలలో పుట్టి, ఆంగ్ల గ్రంథాలలో ‘రేగర్’ అనే పేరుతో చోటు సంపాదించుకొన్నది. ఇంటి విషయానికి వచ్చేసరికి ఈ రెండింటికీ పొత్తు అంత సులభంగా కుదరదు. ఈ వ్యాసకర్త భాషాబోధకుడే గాని ఇంజనీరు కాడు. అయినను నంద్యాల, కోవెలకుంట్ల, ఆదోని ప్రాంతాల రేగడిలో బీటలు వారిన గోడల నడుమ నివసించేవారికి ఈ శాస్త్రం కొంతైనా తెలిసి ఉండుట అవసరం. గల్ఫు దేశాలలో ఏళ్ల తరబడి శ్రమించి పంపిన సొమ్ముతో కట్టిన ఇల్లు నాలుగు వానలకే నెరిసిపోతే ఆ నష్టం ఒక్క గోడది కాదు గదా!

రేగడికి నీరంటే ప్రీతి. అందులోని బంకమట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం విశేషంగా ఉంటుంది. ఫ్రాన్సులో అది మొదట దొరికిన మాంట్‌మొరిల్లాన్ అనే ఊరి పేరే దానికి పెట్టారు. దీని నిర్మాణం పుస్తకపు పుటలవలె పలుచని పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్యకు నీరు చొరగానే మట్టి ఉబ్బుతుంది. నీరు పోగానే కుదించుకొని పోతుంది. వేసవిలో చేలల్లో కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుటకు కారణమిదే. రైతు ‘పదును’ అని ఎదురుచూచే తేమయే ఇంటి యజమానికి శత్రువవుతున్నది. అయితే ఈ పదును మార్పు లోతుకు పోయేకొద్దీ తగ్గుతుంది. మన దేశపు రేగడి నేలలలో సుమారు మూడున్నర మీటర్ల దిగువన తేమ ఋతువులతో పాటు అంతగా మారదని ఇంజనీర్లు లెక్కిస్తారు. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే తక్కినదంతా దానంతట అదే బోధపడుతుంది.

ఇక్కడ సామాన్యంగా కలిగే ఒక భ్రమను తొలగించుకోవాలి. నేల మెత్తనిది గాన పునాదిని వెడల్పు చేస్తే చాలునని చాలామంది తలపోస్తారు. బరువుకు కుంగిపోయే నేలలో ఆ మాట నిజమే. రేగడి చేసే కీడు కుంగుటలో కంటె పైకి నెట్టుటలో అధికం. ఒక అంతస్తు ఇంటి గోడ తన పునాది అడుగున చదరపు మీటరుకు 5 టన్నుల ప్రాంతంలో ఒత్తిడి కలిగిస్తుందనుకొందాం. ఉబ్బే మట్టి పైకి నెట్టే ఒత్తిడి తీవ్రమైన చోట్ల 20 టన్నులను కూడా మించవచ్చును. పునాదిని వెడల్పు చేస్తే గోడ ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, మట్టికి పైకి నెట్టే చోటు పెరుగుతుంది. పెద్ద మేడలకన్న చిన్న ఇళ్ళు, ప్రహరీ గోడలు, బడి వరండాలు ముందుగా చీలుటలోని రహస్యం ఇదే. బీదవాని ఇంటిపైనే రేగడి ప్రతాపమెక్కువ.

ఇల్లు కట్టగానే దాని క్రింది నేలకు ఎండ సోకదు గనుక అక్కడ తేమ క్రమంగా చేరుకొంటుంది. చుట్టుప్రక్కల నేల మాత్రం ఎండుతూ, తడుస్తూ ఉంటుంది. అందుచేత గచ్చు నడుమ వీపు పైకి లేస్తుంది. కిటికీ మూలలనుండి ఏటవాలుగా బీటలు బయలుదేరుతాయి. శ్రావణంలో బిగిసిన తలుపు చైత్రానికి వదులవుతుంది.

స్థలంలోని మట్టి ఎంత ఉబ్బేదో తెలుసుకొనుటకు మన రసాయన ప్రయోగశాలలోనే ఒక తేలికైన పరీక్ష చేయవచ్చును. మట్టిని ఓవెనులో ఆరబెట్టి, పొడిచేసి, 425 మైక్రాన్ల జల్లెడలో జల్లించాలి. పది గ్రాముల చొప్పున రెండు పాళ్ళు తూచి, కొలతలున్న రెండు 100 మిల్లీలీటర్ల గాజు గొట్టాలలో వేయాలి. ఒకదానిలో స్వేదనజలం, రెండవదానిలో కిరోసిను నింపి, గాలి బుడగలు పోయేటట్లు కలిపి, 24 గంటలకు తక్కువ కాకుండా కదపక ఉంచాలి. కిరోసినులో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. రెండు మట్టి పరిమాణాల తేడాను కిరోసినులోని పరిమాణంతో భాగించి నూరుతో గుణిస్తే ఉబ్బు శాతం వస్తుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం అది 50 దాటితే జాగ్రత్త పడవలె. 100 దాటితే ప్రమాదం ఎక్కువ. దీనితోనే పునాది లెక్క తేలదు, దానికి ఇంజనీరు చేయించే పూర్తి పరీక్షలు కావలెను. కాని ఆ పరీక్షల ఖర్చు వృథా అని కమిటీలో ఎవరైనా సందేహిస్తే ఈ రెండు గొట్టాలను చూపవచ్చును.

ఇక ఉపాయాలు. రేగడి పొర పలుచనిదై క్రింద గరుసు నేల దగ్గరగా ఉంటే పునాదిని అంతవరకు దింపుటే ఉత్తమం. కొంత లోతు రేగడిని తీసివేసి, ఉబ్బని గరుసుమట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేయుట మరొక పద్ధతి. దానికి బదులు ఇసుక నింపి ఊరకుండుట నాకు సమ్మతం కాదు. వాననీరు ఇసుకలో చేరి నిలిచి, క్రింది రేగడిని మరింత తడుపుతుంది. కాకతీయులు 1213లో నిర్మించిన రామప్ప గుడి పునాదిలో ఇసుక ఉన్నది గదా అని కొందరు అడుగుతారు. అది బరువైన రాతి కట్టడం. దాని ఉపాయాన్ని నేటి తేలికపాటి గదులకు అట్లే అంటగట్టుట తగదు.

రేగడి చాలా లోతుగా ఉన్నచోట రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన అండర్ రీమ్డ్ పైలు మేలైనది. డా. దినేశ్ మోహన్ ఈ కృషిలో ముఖ్యులు. చేతితో త్రిప్పే ఆగరుతోనే నేలలో సన్నని గుంత తవ్వి, అడుగున ప్రత్యేక పరికరంతో వెడల్పు చేసి, కడ్డీలు దింపి కాంక్రీటు పోస్తారు. ఉల్లికాడ క్రింద గడ్డ ఉన్నట్లు కాండం క్రింద బుడ్డి ఏర్పడుతుంది. దాని వ్యాసం సాధారణంగా కాండానికి రెండున్నర రెట్లు. ఆ బుడ్డి పదును మారని లోతులో పాతుకొని ఉండుటచేత పై మట్టి ఉబ్బినా ఇల్లు లేవదు. మట్టి కాండాన్ని పట్టి పైకి లాగుతుంది గనుక కడ్డీలు కాండం నిడివి అంతటా ఉండాలి. ఇనుము ఆదా చేయవలెనని సగంలో ఆపితే పైలు అక్కడే తెగుతుంది. పైళ్ళపై వేసే బీములకూ నేలకూ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ విడువాలి. పని ముగిసిన తరువాత ఎవరో శుభ్రత కోసమని ఆ ఖాళీలో మట్టి కూరుతారు. అంతటితో ఖర్చుపెట్టిన ప్రయోజనమంతా పోతుంది. ఈ కారణంచేత ఆ రోజున కమిటీవారొకరు పనిచోట నిలిచి ఉండుట మంచిది.

ఇదివరకే కట్టి బీటలు వారిన ఇళ్ళ మాటేమిటి? ముందు నీటి మార్పును ఆపవలెను. గోడల చుట్టూ బయటికి వాలుగా గచ్చు చేయించాలి. మిద్దె నీటిని, స్నానాల నీటిని గొట్టం ద్వారా దూరంగా పంపించాలి. గోడకు ఆనుకొని పెద్ద చెట్లు పెంచరాదు. వేళ్ళు వేసవిలో నేల తేమను పీల్చివేస్తాయి. ఆ పిదప బీటకు అడ్డంగా సన్నని గాజుపట్టీని సిమెంటుతో రెండు కొసలా అతికించి, ప్రక్కన తేదీ వ్రాయాలి. గోడ ఇంకా కదులుతుంటే గాజు పగులుతుంది. ఒక వేసవి, ఒక వానకాలం గడిచినా గాజు నిలిచి ఉంటే అప్పుడు బీట పూడ్చి సున్నం వేయించుకోవచ్చును.