బెంచీ మీద కూర్చోవడం కూడా ఆటే!



మీరు హాకీ ఆడుతుండగా మాస్టారు మిమ్మల్ని బయటికి పిలిచి, మరొకరిని లోపలికి పంపారనుకోండి. మనసు చివుక్కుమంటుంది గదా! కాని ఇందులో అవమానమేమీ లేదు. దీని వెనుక శరీరశాస్త్రం ఉంది. ఎలాగో చూద్దాం.

ముందు ఒక ప్రయోగం. ఉదయంపూట, ఎండ ముదరకముందే మైదానంలో 40 మీటర్లు కొలవండి. ఒకరు ఆ దూరం పరుగెత్తాలి. అదే క్షణంలో ఇంకొకరు బంతిని కర్రతో గట్టిగా కొట్టాలి. బంతే ముందు చేరుతుంది. పైగా బంతికి అలసట లేదు! అందుకే మంచి జట్టు బంతిని తనవారి మధ్యనే తిప్పుతుంది. ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు నిదానించాలో అదే నిర్ణయిస్తుంది. ఎదుటి జట్టు వెంటబడక తప్పదు. అయితే బంతిని ఉంచుకున్నంత మాత్రాన గోలు పడదు. అదును చూసి దూసుకుపోవాలి. అందుకు తాజా కాళ్లు కావాలి.

కండరాల్లో క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థం ఉంటుంది. వేగంగా పరుగెత్తితే ఇది సుమారు 10 సెకన్లలోనే చాలావరకు ఖర్చవుతుంది. మళ్లీ నిండడానికి రెండు మూడు నిమిషాల విశ్రాంతి కావాలి. ఇక మన కర్నూలు, కడపల సంగతి చెప్పాలా? వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు గుండె కండరాలకే కాక, ఒళ్లు చల్లబరచడానికి చర్మానికీ ఎక్కువ రక్తం పంపాలి. అలసట త్వరగా వస్తుంది.

అందుకే హాకీలో మైదానంలో 11 మందే ఉన్నా, బయటివారిని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చలిదేశాల మంచు హాకీలో బంతికి బదులు 'పక్' అనే రబ్బరు బిళ్ల ఉంటుంది. అక్కడ ముందువరుస ఆటగాళ్లు ముగ్గురేసి నాలుగు బృందాలుగా ఉండి, నిమిషంలోపే వంతులు మారుతుంటారు!

ఆ ఆటలో ఉత్తర అమెరికా స్టాన్లీ కప్పు కోసం ఒకే జట్టుతో ఏడు పందేల వరకు ఆడతారు. ముందుగా నాలుగు గెలిచినవారిదే పైచేయి. ఒక్కో పందెంలో గెలుపు అవకాశం నూటికి 60 ఉన్న జట్టును తీసుకోండి. మూడు పందేల పోటీలో రెండు గెలిచే అవకాశం నూటికి 65 దాకా ఉంటుంది. ఏడు పందేలైతే 71! పోటీ పొడవయ్యేకొద్దీ అదృష్టం వాటా తగ్గుతుంది. అయితే ఆ 60 చివరిదాకా నిలవాలంటే అలసిన వారి స్థానంలోకి వచ్చేవారు సమర్థులై ఉండాలి. జట్టు లోతు అంటే ఇదే.

మన రాయలసీమ బిడ్డ, ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన రజని ఎతిమరపునే చూడండి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత మహిళల హాకీ జట్టులో సవితతోపాటు ఉన్న రెండో గోల్‌కీపర్ ఆమె. రెండో స్థానమని సాధన మానితే ఆ జట్టులో చోటు దక్కేదా?

ఈసారి మాస్టారు పిలిస్తే చిన్నబుచ్చుకోకండి. నీళ్లు తాగి, మణికట్టు పట్టుకొని నిమిషానికోసారి నాడి లెక్కపెట్టండి. అది ఎంతసేపటికి నెమ్మదిస్తుందో రాసుకోండి. మీ వంతు మళ్లీ ఎప్పుడు రావాలో మీ గుండే చెబుతుంది!