ఈనెలో దాగిన లెక్క

చెల్లెమ్మకు,

వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానంలో, పచ్చదోమను తట్టుకునే పత్తి రకాల మీద పని మొదలుపెట్టావని రాశావు. సంతోషం. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక అందరి చూపూ కాయతొలిచే పురుగు మీదే నిలిచింది. రసం పీల్చే దోమను ఆ బీటీ ఏమీ చెయ్యదు.

మొక్కకు పైన, మధ్యన, కింద ఒక్కో ఆకు తిప్పి పిల్లదోమల్ని లెక్కపెట్టడం నీకు తెలిసిందే. ఆకుకు రెండు దాటితే మందు కొట్టమంటాం. రైతుకు ఆ లెక్క చాలు, నీకు చాలదు. ఒక రకం మీద పిల్లలు తక్కువున్నాయంటే, తల్లి అక్కడ గుడ్లే పెట్టలేదా, లేక పెట్టిన గుడ్లు నిలవలేదా? ఆకు నిండా నూగుంటే గుడ్డు దించడం దోమకు కష్టం. గుడ్డు పొదగకపోవడం, పుట్టిన పిల్ల చావడం వేరే సంగతులు. (అదే నూగు తెల్లదోమకు ఇష్టం, మరిచిపోకు.)

గుడ్లు ఆకు అడుగున ఈనెల లోపల ఒక్కొక్కటిగా, కాస్త వంకరగా ఉంటాయి. పచ్చి ఆకులో భూతద్దానికీ దొరకవు. ఆకును ఆసిడ్ ఫుక్సిన్ కలిపిన లాక్టోఫినాల్‌లో వేడిచేసి, ఆ తర్వాత రంగు లేని లాక్టోఫినాల్‌లో నానబెట్టు. పచ్చదనం పోయి గుడ్లు గులాబీగా తేలతాయి. తొందరపడి తీస్తే ఈనె కూడా ఎర్రగానే ఉండి గుడ్డును దాచేస్తుంది. ఫినాల్ ఒళ్లు కాలుస్తుంది, ఆవిరి పీల్చకు. జర్మనీలో ద్రాక్షాకుల్లోని దోమ గుడ్లను రంగు లేకుండానే నీలికాంతి కింద మెరిపించి లెక్కపెట్టారు. పత్తి మీద నువ్వే పరీక్షించి చూడు.

అసలు చిక్కు ఒకటుంది. రంగు వేసిన గుడ్డు ఇక పొదగదు. కాబట్టి ప్రతి రకంలోనూ ఒకే ఈడు మొక్కలకు గూడు కట్టి, అన్నింటి మీదా సమానంగా ఆడదోమల్ని, సమాన కాలం వదులు. సగం మొక్కల ఆకుల్ని రంగుకు తీసుకో, మిగతా సగాన్ని పిల్లలు వచ్చేదాకా ఉంచు. ఆకుల సైజు రకానికో తీరుగా ఉంటుంది కాబట్టి వైశాల్యం కూడా రాసుకో. అప్పుడు గానీ ఆ రెండు లెక్కల మధ్య తేడా ఏం చెబుతుందో తేలదు.

వచ్చే నెల ములుగు రోడ్డులోని మీ స్థానం వైపు వస్తున్నా. రంగు వేసిన ఆకులు పారేయకు, రకాల పేర్లు చెప్పకుండా నాకు ఇవ్వు. నేనూ లెక్కపెడతా. ఇద్దరి అంకెలూ కలవకపోతే మూడో మనిషిని పిలుద్దాం.

ఆశీస్సులతో,
అక్క